అతుకుల బొంత

ఆ రేవులో ఓడలు కట్టే యార్డు ఒకటి ఉండేది. అందులో రివెట్లు కొట్టే మేస్త్రిని అందరూ సుత్తి మేస్త్రి అనేవారు. సుత్తి చేతిలో ఉన్నందుకు సగం, నోట్లో ఉన్నందుకు సగం. ముప్పై ఏళ్లు ఇనుప రేకుల మీద మోది మోది ఆయన చెవులు మందగించాయి. దాంతో ఎదుటివాళ్లు చెప్పేది వినే బాధ ఆయనకు తప్పింది గానీ, ఆయన చెప్పేది వినే బాధ ఎదుటివాళ్లకు తప్పలేదు. "చెవుడు కాదమ్మా, సుఖం. భోజనానికి పిలిస్తే మాత్రం వీధి చివర ఉన్నా వినబడుతుంది" అనేది ఆయన భార్య. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని, ఓడల్లో సరుకు గదుల మీద కప్పే కాన్వాసు గుడ్డలు కుట్టి యార్డుకి పంపేది.

ఇంతలో యుద్ధం వచ్చింది. కట్టిన ఓడల కంటే మునిగిన ఓడల లెక్క ఎక్కువైంది. మేస్త్రి పద్ధతిలో ఒక సరుకు ఓడ కట్టాలంటే ఎనిమిది నెలలు. రేకు మీద రేకు ఆనించాలి, కన్నం పొడవాలి, ఎర్రగా కాల్చిన రివెట్టు దూర్చాలి, అవతల ఒకడు అదిమిపట్టుకుంటే ఇవతల ఒకడు దాని తల చదును చెయ్యాలి. అలా లక్షల రివెట్లు. అన్నాళ్లు ఆగే తీరిక ఎవరికీ లేదు. అందుకని పైనుంచి ఉత్తర్వు దిగింది: ఇకమీదట రేకుల అంచులు పక్కపక్కన పెట్టి, కరెంటు మంటతో ఇనుము కరిగించి అతికించెయ్యడమే. మగవాళ్లు సగం మంది సైన్యంలోకి పోయారు కాబట్టి ఈ కొత్త పని ఆడవాళ్లకు నేర్పిస్తారు.

ఆ సంగతి మేస్త్రికి భోజనాల బల్ల దగ్గర తెలిసింది, అదీ సొంత కోడలి నోట.

"మామయ్యా, సోమవారం నుంచి నేనూ యార్డుకి వస్తున్నా."

"మంచిదే. క్యారేజీ వేడిగా దొరుకుతుంది."

"క్యారేజీ కాదు. వెల్డింగు."

"వెల్లుల్లా? యార్డులో వెల్లుల్లి ఎవడికమ్మా?"

"వెల్డింగండీ మహానుభావా!" అంది భార్య ఆయన చెవి దగ్గరికి వంగి. "అతుకులు వేసే పని. పిల్ల ఆరు వారాలు శిక్షణ కూడా పూర్తిచేసింది. మధ్యాహ్నాలు పక్కింటికి వెళ్తోందని మీతో చెప్పింది నేనే."

మేస్త్రి చెంచా కింద పెట్టాడు. ఒకసారి కోడలి వంక చూశాడు, ఒకసారి భార్య వంక చూశాడు. ఇంట్లో తనకు తెలియకుండా ఇంత కుట్ర జరిగినందుకు కోపం తెచ్చుకోవాలో, ఓడలకు పట్టిన గతికి ఏడవాలో ఆయనకు తేలలేదు. చివరికి ఓడల వైపే మొగ్గాడు.

"జిగురుతో అంటించిన కాగితప్పడవ ఎంతసేపు తేలుతుందో, మీ ఓడా అంతసేపే తేలుతుంది. ఓడంటే రివెట్టు. అతుకులేస్తే అది ఓడ కాదు, అతుకుల బొంత!"

"బొంత అయితే చలికాలం పనికొస్తుందిలెండి" అంది కోడలు, పళ్లెం తీస్తూ.

ఓడలు బళ్లవుతాయి, బళ్లు ఓడలవుతాయి అంటారు. మేస్త్రి విషయంలో ఆ సామెత వారం తిరక్కుండానే నిజమైంది. రివెట్ల పని ఆగిపోవడంతో ఆయన్ని ఏం చెయ్యాలో ఇంజనీరుకి తోచలేదు. వెల్డింగు వేసిన అతుకు చల్లారాక దాని మీద నల్లటి పెచ్చు కడుతుంది. దాన్ని చిట్టెం అంటారు. చిన్న సుత్తితో ఆ చిట్టెం కొట్టి రాల్చి, ఇనుప కుంచెతో తోమితేగాని అతుకు మంచిదో కాదో తెలియదు. ఇంజనీరు మేస్త్రి చేతిలో ఆ చిన్న సుత్తి పెట్టి, ముప్పై ఒకటో నంబరు ఓడకి పంపాడు. అక్కడ ముఖానికి ఇనుప ముసుగు, మోచేతుల దాకా తోలు తొడుగులు వేసుకుని, మోకాళ్ల మీద కూర్చుని అతుకు వేస్తున్న మనిషి వెనక్కి తిరిగి ముసుగు ఎత్తింది. కోడలు.

"రండి మామయ్యా. మొదటి మూడు గజాలు చల్లారాయి. ఊడ్చెయ్యండి."

ఆ మాట సాయంత్రానికల్లా యార్డంతా పాకింది. "కోడలు ముందు కుడుతుంటే మామ వెనక ఊడుస్తున్నాడట" అని క్యాంటీనులో నవ్వుకున్నారు. మేస్త్రికి ఆ నవ్వు మాత్రం చక్కగా వినబడింది.

అయితే ఆయన పని దొంగ కాదు. ఆమె వేసిన ప్రతి అతుకునూ కళ్లద్దాలు ముక్కు చివరికి దించి అంగుళం అంగుళం చూసేవాడు. తప్పు దొరుకుతుందన్న ఆశతో చూసేవాడు. మొదటి వారం నాలుగు చోట్ల దొరికాయి, సుద్దముక్కతో పెద్ద పెద్ద సున్నాలు చుట్టాడు. ఆమె వాటిని కోసి మళ్లీ వేసింది. రెండో వారం ఒక్కటి దొరికింది. మూడో వారం ఏమీ దొరక్కపోయేసరికి ఆయనకు భోజనం సయించలేదు.

"ఏం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది భార్య.

"బాగానే ఉంది. పిల్ల పనే మరీ బాగుంది."

ఆ ఓడ కళ్లముందే పుట్టగొడుగులా లేచింది. ముక్కు భాగాన్ని వేరే షెడ్డులో తలకిందులుగా తయారుచేసి, క్రేనుతో ఎత్తి తెచ్చి తగిలించారు. వంటగది, పడకగదులు బల్లలు కుర్చీలతో సహా ఒక్క ముక్కగా వచ్చాయి. లోపల పెట్టిన ఇంజను మాత్రం తాతలనాటి ఆవిరి ఇంజనే. అది దిగుతున్న రోజున మేస్త్రి టోపీ తీసి పక్కన నిలబడ్డాడు, ఈ కొత్త లోకంలో తనకు తెలిసిన మనిషి ఒకడైనా కనబడ్డాడన్నట్టు. నలభై మూడో రోజున ఓడ తయారైంది. ఆనవాయితీ ప్రకారం ఓడ ముక్కుకి కొట్టి పగలగొట్టాలని యార్డు యజమాని భార్య ద్రాక్షసారా సీసా విసిరితే మొదటిసారి తగల్లేదు, రెండోసారి తగిలి పగల్లేదు, మూడోసారికి ఆవిడ గౌను తడిసింది గానీ ఓడ తడవలేదు. అప్పటికే అది వాలు మీద జారి నీళ్లలోకి దిగిపోయింది.

మేస్త్రి గట్టు మీద గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నారు?" అంది కోడలు.

"ఎంతసేపట్లో మునుగుతుందో."

"పిల్లి శాపాలకు ఉట్లు తెగవు మామయ్యా. పదండి, ముప్పై రెండో ఓడ వేదిక మీదకి రేకులు వచ్చేశాయి."

ముప్పై ఒకటో ఓడకి ఒక సేనాధిపతి పేరు పెట్టారు. ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగలేదు. మేస్త్రి పెట్టిన పేరే నిలిచింది. పని చెయ్యడానికి ఎక్కిన నావికులు కూడా దాన్ని 'బొంత' అనే పిలిచారు.

ఆ నావికుల్లో మేస్త్రి కొడుకు ఒకడు. చిన్న ఓడల్లో ఇంజనుకి నూనె పోసే పని చేసేవాడు, యుద్ధం వచ్చాక ఎక్కడికి పంపితే అక్కడికి పోవాల్సిందే. పంపింది బొంతలోకి. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజున మేస్త్రి నోట మాట రాలేదు. ముప్పై ఏళ్లలో అది మొదటిసారి అని భార్య ఆ తేదీ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకుంది. కొడుకు మాత్రం సంచీ సర్దుకుంటూ నవ్వాడు.

"పెళ్లాం కుట్టిన ఓడ, నాన్న తోమిన ఓడ. సొంత ఇంట్లో ఉన్నట్టే కదమ్మా!"

"నాకేమీ భయం లేదురా" అంది తల్లి, మిషను చక్రం ఆపకుండా. సూది విరిగింది.

బొంత మొదటి ప్రయాణంలో లారీలు, పిండి బస్తాలు, బూట్లు మోసింది. పదివేల బూట్లు చేరాక చూస్తే అన్నీ ఎడమ కాలివేనట. కుడి కాలివి వేరే ఓడలో ఉన్నాయి. రెండో ప్రయాణంలో కంచర గాడిదలు, మూడోదాంట్లో ఫిరంగి గుళ్లు, వాటి పక్కనే ఆసుపత్రి మంచాలు. కొడుకు రాసిన ఉత్తరాల్లో సగం మాటలు సైన్యంవాళ్లు నల్ల సిరాతో కొట్టేసేవారు. మిగిలిన సగం నాన్నకే ఉండేవి. "నాన్నా, నువ్వు చెప్పావు కదా అని రోజూ పొద్దున లేవగానే ఓడ రెండు ముక్కలైందేమో చూసుకుంటున్నా. ఇంకా ఒకటే ఉంది. ఏం చెయ్యమంటావు?"

కోడలు ప్రతి ఉత్తరాన్నీ ఆయన చెవి దగ్గర రెండుసార్లు చదివేది. రెండోసారి అవసరం లేదు. ఆయన అడిగేవాడు కాబట్టి చదివేది.

రెండో శీతాకాలంలో ఉత్తరాలు ఆగిపోయాయి. బొంత బాగా ఉత్తరాన, మంచు సముద్రం మీదుగా వెళ్తోందని మాత్రం తెలుసు. ఆరు వారాలు గడిచాయి. ఆ ఆరు వారాలూ మేస్త్రి వెల్డింగు గురించి ఒక్క వెక్కిరింత మాట అనలేదు. యార్డులో ఎవడో "ఏం మేస్త్రీ, మీ బొంత సంగతేంటి?" అనబోతే, చేతిలో చిన్న సుత్తి పెద్ద సుత్తిలా పట్టుకుని వాడి వంక చూశాడు.

ఏడో వారంలో ఓ మధ్యాహ్నం బొంత రేవులోకి వచ్చింది. నెమ్మదిగా, నడుం పట్టేసిన ముసలమ్మ మార్కెట్టు నుంచి వస్తున్నట్టు వచ్చింది. గట్టుకి కట్టగానే కోడలు పరుగెత్తింది, ఆమె వెనక మేస్త్రి. కొడుకు గడ్డం పెంచుకుని, మసితో, నవ్వుతూ దిగాడు. భార్యను పలకరించి, తండ్రి చెయ్యి పట్టుకుని నేరుగా పైడెక్కు మీదికి తీసుకెళ్లాడు.

రెండో నంబరు సరుకు గది నోటి దగ్గర, ఆ చదరపు కన్నం మూల నుంచి డెక్కు రేకు అడ్డంగా చీలిపోయి ఉంది. మనిషి రెండు చేతులు బారజాపినంత పొడవు. వేలు దూరేంత సందు.

"తెల్లారాక టీ తాగుతుంటే ఫిరంగి పేలినట్టు చప్పుడయింది నాన్నా. శత్రువు కొట్టాడనుకున్నాం. చూస్తే ఓడే పగిలింది. పగులు మా కళ్లముందే పాకుతోంది. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు నా చిన్నప్పుడు నువ్వు అన్నం తింటూ, పడుకుంటూ, పొద్దున లేస్తూ చెప్పేవాడివే, పగిలిన రేకు చివర గుండ్రటి కన్నం పొడిస్తే పగులు ముందుకి పాకదని. చీఫ్ ఇంజనీరుకి చెప్పా. ఇద్దరం డ్రిల్లు తెచ్చి పొడిచాం. అక్కడే ఆగిపోయింది."

పగులు చివర బొటనవేలంత గుండ్రటి కన్నం ఉంది. మేస్త్రి ఆ కన్నంలో వేలు పెట్టి చూశాడు. చాలాసేపు తియ్యలేదు.

"నీ సుత్తంతా వృథా కాలేదు నాన్నా. ముప్పై ఏళ్లకి ఒక్క మాట పనికొచ్చింది."

"కన్నం అంచు నున్నగా తోమలేదేంరా?" అన్నాడు మేస్త్రి.

కొడుకు ఇంటికొచ్చిన సంతోషం రెండు రోజులే నిలిచింది. మూడో రోజున పరీక్షాధికారి ఒకాయన వచ్చి పగులు చూశాడు. దాని పక్కనే ఒక వెల్డింగు అతుకు ఉంది. అతుకు చివర వేసినవాళ్ల నంబరు ముద్ర కొట్టి ఉంటుంది. నంబరు రెండువందల పన్నెండు. కోడలి నంబరు. అతుకు బలహీనంగా ఉండటం వల్లే డెక్కు చీలిందని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. పొద్దున్నే మళ్లీ వచ్చి సంతకం పెడతానన్నాడు. ఆ సంతకం పడితే ఆమె ముసుగు అప్పగించి ఇంటికి పోవాలి.

యార్డువాళ్లంతా మేస్త్రి వైపు చూశారు. రెండేళ్లుగా ఆయన చెప్పిందే నిజమైందిగా, ఇక ఎగిరి గంతేస్తాడనుకున్నారు. ఆయన నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు.

కోడలు వంటింట్లో పాత్రలు కడుగుతోంది. ఎప్పుడూ లేనంత శుభ్రంగా, కడిగినవే కడుగుతోంది. మేస్త్రి కుర్చీలో కూలబడి భార్యతో అన్నాడు:

"ఆ అతుకు నేను తోమానే. నా కళ్లతో చూశా. అందులో ఈగ తల పట్టేంత లోపం కూడా లేదు. ఉంటే నేను వదిలేవాడినా? పండగలా సున్నా చుట్టేవాడిని కదా!"

భార్య ఆయన పని పాంటుకి మాసిక వేస్తోంది. జేబు మూల నుంచి గుడ్డ జానెడు చిరిగి ఉంది.

"ఇది చూడండి" అంది. "నా కుట్టు ఊడిందా?"

"లేదు."

"జేబు మూల దగ్గర గుడ్డ చిరిగింది, కుట్టు పక్కనుంచి. మూల ఎక్కడ కోసుగా ఉంటే లాగినప్పుడు బరువంతా అక్కడే పడుతుంది. అందుకే నేను కాన్వాసుకి ఎక్కడ కన్నం కోసినా మూలలు గుండ్రంగా తిప్పుతా. మీ ఇంజనీర్లు డెక్కు మీద అంత పెద్ద చదరపు కన్నం కోసి, మూలలు కత్తిలా వదిలేస్తే, చిరగక ఏం చేస్తుంది? గుడ్డయినా ఇనుమయినా."

మేస్త్రి ఆ పాంటును లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. తర్వాత దాన్ని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అయ్యో, సూది ఉందండీ!" అని ఆవిడ అంటూనే ఉంది. ఆయనకు వినబడలేదు. గుచ్చుకున్నాక తెలిసింది.

మర్నాడు పొద్దున పరీక్షాధికారి వచ్చేసరికి మేస్త్రి డెక్కు మీద బోర్లా పడుకుని ఉన్నాడు. ఒక చేతిలో భూతద్దం, ఒక చేతిలో సుద్దముక్క. పక్కన కొడుకు, నాలుగడుగుల దూరంలో చేతులు కట్టుకుని కోడలు.

"పక్కకి లేవండి" అన్నాడు అధికారి.

"ఏంటండీ? కాస్త గట్టిగా చెప్పండి, నాకు చెవుడు" అన్నాడు మేస్త్రి, లేవకుండా. "మీరే ఇలా రండి. పగులు ఎక్కడ పుట్టిందో చూడండి. ఇదిగో, మూలలో. మూల నుంచి ఇలా పాకింది. ఇదిగో మా కోడలి అతుకు. మధ్యలో ఎంత దూరం ఉంది? నాలుగు వేళ్లు. దొంగతనం ఒక ఇంట్లో జరిగితే పక్కింటి ఆవిడని పట్టుకెళ్తారా?"

అధికారి వంగక తప్పలేదు. భూతద్దంలోంచి చూశాడు. మేస్త్రి చంకలోంచి పాంటు తీసి ఆయన ముక్కు ముందు పరిచాడు. జేబు, కుట్టు, మూల, చిరుగు అన్నీ వివరించాడు. అధికారి తన ఉద్యోగంలో ఎన్నో నమూనాలు చూసి ఉంటాడు గానీ, అలాంటి నమూనా చూసి ఉండడు.

"ఇది మీరే కనిపెట్టారా?" అని అడిగాడు చివరికి.

మేస్త్రి పాంటును మడతపెట్టాడు. కోడలు ఆయన్నే చూస్తోంది. కొడుకు పైకి, ఆకాశం వైపు చూస్తున్నాడు.

"మా... మా ఇంట్లో కనిపెట్టాం" అన్నాడు.

సంతకం ఆ రోజు పడలేదు. అతుకు ముక్క కోసి పరీక్షకి పంపారు, అది రేకు కంటే గట్టిగా నిలిచింది. అప్పటికే వేరే రేవుల్లో ఇలాంటి ఓడలు ఇంకా నాలుగైదు మూలల దగ్గరే పగిలాయని కబురు వచ్చింది. నెల తిరిగేసరికి కొత్త ఉత్తర్వు: సరుకు గదుల మూలలన్నీ గుండ్రంగా కొయ్యాలి. డెక్కు పొడవునా రెండు పక్కలా ఇనుప పట్టీలు వెయ్యాలి. ఆ పట్టీలు మాత్రం అతికించకూడదు, రివెట్లే కొట్టాలి. అతుకు వేస్తే రెండు రేకులూ ఒకటైపోతాయి కాబట్టి పగులు ఒకదాన్నుంచి ఒకదానికి దాటిపోతుంది. రివెట్లు కొట్టిన చోట రేకు రేకే, పట్టీ పట్టీయే. వచ్చిన పగులు అక్కడ ఆగిపోతుంది.

మేస్త్రి ఆ ఉత్తర్వును ఇంజనీరు చేత మూడుసార్లు చదివించుకున్నాడు, వినబడలేదని. మూలనపడ్డ పెద్ద సుత్తి తీసి, పాత మనుషుల్ని ముగ్గుర్ని పోగుచేసి, మళ్లీ డెక్కు ఎక్కాడు. ఆయన రివెట్లు కొట్టుకుంటూ పోతుంటే, మూలలు గుండ్రంగా సరిచేస్తున్న కోడలు వెనకనుంచి అరిచింది:

"మామయ్యా, మీరు రేపిన దుమ్ము ఎవరు ఊడుస్తారు?"

"నువ్వే! లోకం గుండ్రంగా ఉంటుందమ్మా, మూలల్లాగే!"

బొంత మళ్లీ సముద్రం మీదికి వెళ్లింది. కొడుకు యుద్ధం ముగిసేదాకా దాంట్లోనే ఉన్నాడు. అయిదేళ్లు నడిస్తే చాలని కట్టిన ఓడ అది. యుద్ధం అయిపోయాక ఒక కంపెనీ కొనుక్కుని గోధుమలు మోయించింది. పేరు మార్చింది. తర్వాత ఇంకో కంపెనీ బొగ్గు మోయించింది, ఇంకో పేరు పెట్టింది. ఒకసారి పొగమంచులో ఇసుకదిబ్బ ఎక్కి పదకొండు రోజులు కూర్చుంది. ఒడ్డున ఉన్న ఊరివాళ్లు రోజూ రొట్టెలు తెచ్చి అమ్ముకున్నారట. పెద్ద పోటు వచ్చి నీరు పెరిగాక మళ్లీ తనంతట తనే దిగింది. కొడుకు అప్పటికి వేరే ఓడల్లో చీఫ్ ఇంజనీరయ్యాడు. ఏ రేవులో బొంత కనబడినా ఇంటికి ఒక కార్డు రాసేవాడు.

ఇరవై ఒకటో ఏట అది కలప దింపడానికి తను పుట్టిన రేవుకే వచ్చింది. అప్పటికి కోడలు వెల్డింగు విభాగానికి పెద్ద. మేస్త్రికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆమె ఆయన్ని చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కించింది. కుర్ర కెప్టెను ఒకడు ఎదురొచ్చాడు, వీళ్లెవరో తెలియక.

"ఈ ఓడ ఎవరు కట్టారో గానీ పెద్దాయనా, వంటగది తలుపు ఒక్కనాడు సరిగ్గా పడదు!"

"తలుపు మా డిపార్టుమెంటు కాదు బాబూ" అంది కోడలు.

మేస్త్రి మాత్రం తలుపు దగ్గరికి వెళ్లి వేసి చూశాడు, తీసి చూశాడు. బందులు రెండు అడిగి తెప్పించుకుని, కోడలి చేత సుత్తి పట్టించి, సాయంత్రం దాకా కూర్చుని బాగుచేశాడు. కెప్టెను వాళ్లిద్దరికీ టీ ఇచ్చాడు. దానికి బదులు రివెట్ల గురించి గంటన్నర విన్నాడు.

ఆ తర్వాత ఆరేళ్లకి కొడుకు దగ్గర్నుంచి ఇంకో కార్డు వచ్చింది. బొంతను దూరదేశంలో ఎక్కడో ఒడ్డుకి లాగి, ముక్కలుగా విప్పడానికి అమ్మేశారట. ఇరవై ఏడేళ్లు నడిచింది. భార్య కార్డు పెద్దగా చదివి వినిపించింది. మేస్త్రి చెప్పులు వేసుకుని, చేతికర్ర తీసుకుని, బస్సెక్కి యార్డుకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనం వేళకి కోడలి ఆఫీసుకి కబురు వచ్చింది. వెళ్లి చూస్తే కొత్త ఓడ వేదిక పక్కన మేస్త్రి పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ముగ్గురు కుర్ర ఇంజనీర్లు, చేతుల్లో నక్షాలతో, కదలడానికి వీల్లేక నిలబడ్డారు.

"మేడమ్, మీ మామగారు పొద్దుట్నుంచి చెబుతూనే ఉన్నారు" అన్నాడు ఒకడు దీనంగా. "మాకు పనుంది."

కోడలు నక్షా అందుకుని, సరుకు గది మూలలు ఎలా గీశారో చూసింది. తర్వాత తనకోసం ఇంకో పెట్టె లాక్కుని మేస్త్రి పక్కన కూర్చుంది.

"కూర్చోండి" అంది వాళ్లతో. "ఇంకా సగమే అయింది."